పార్లమెంటులో బిల్లు ఎక్కడిదాకా వచ్చింది, చట్టం నిజంగా అమల్లోకి వచ్చిందా: మనమే చూసుకోవడం ఎలా?

"బిల్లు పాసైందట కదా, మరి మనకు ఎప్పటినుంచి వర్తిస్తది?" వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. బీడీలు చుట్టేవాళ్ళు లేబర్ కోడ్‌ల (పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన నాలుగు కొత్త చట్టాల) గురించి, ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతులు సాగు చట్టాల గురించి, ములుగు పిల్లలు గిరిజన విశ్వవిద్యాలయం గురించి అడిగారు. వీళ్ళందరికీ జవాబు దొరికే దారి ఒక్కటే, అదే ఇక్కడ రాస్తున్నాను. ఒకసారి చేతికి అలవాటైతే అరగంట పని. వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్మాలా వద్దా అనే టెన్షన్ కూడా పోతుంది.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఒక నోటుబుక్కు. బిల్లు పూర్తి పేరు, దాని సంవత్సరం. మీరు ఏ లోక్‌సభ నియోజకవర్గంలో ఉన్నారో ఆ పేరు. ఇంకా నాలుగు సైట్లు: బిల్లులకు, చర్చలకు, ఓటింగుకు సంసద్ డాట్ ఇన్, చట్టాల తాజా పాఠానికి ఇండియా కోడ్, నోటిఫికేషన్లకు ఈ-గెజిట్ (గెజిట్ అంటే ప్రభుత్వం తన ఉత్తర్వుల్ని అధికారికంగా అచ్చువేసే పత్రం), బిల్లు సారాంశం తేలిక ఇంగ్లిష్‌లో కావాలంటే పీఆర్ఎస్ సంస్థ సైటు. మొదటిది పార్లమెంటుది, తర్వాతి రెండూ ప్రభుత్వానివి, నాలుగోది స్వతంత్ర పరిశోధన సంస్థది.

బిల్లులు ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఉంటాయి. ఇంగ్లిష్ కష్టమైతే డిగ్రీ చదివే పిల్లల్నో, ఊళ్ళో టీచర్‌నో పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోనులో అనువాదం చేసుకుంటే విషయం స్థూలంగా అర్థమవుతుంది కానీ, "చేయాలి" అన్న చోట "చేయవచ్చు" అని వచ్చే ప్రమాదం ఉంది. చట్టంలో ఆ తేడాకే మొత్తం విలువ. కాబట్టి ముఖ్యమైన వాక్యాన్ని ఇంగ్లిష్ తెలిసినవాళ్ళతో చదివించుకోకుండా నిర్ణయానికి రావద్దు.

1. అసలు ఇది పార్లమెంటు పనేనా?

సగం అర్జీలు దారి తప్పేది ఇక్కడే. భూమి రికార్డులు రాష్ట్రం పరిధిలోవి. భూభారతి చట్టం మన అసెంబ్లీ చేసింది, దాని గురించి ఎంపీకి రాస్తే పని కాదు. రైల్వేలు, బ్యాంకులు కేంద్రానివి. అడవులు, కార్మికులు, చదువు ఉమ్మడి జాబితాలో ఉంటాయి, అంటే ఇద్దరూ చట్టం చేయవచ్చు. రెండింటి మధ్య ఘర్షణ వస్తే సాధారణంగా పార్లమెంటు చట్టానిదే పైచేయి. రాష్ట్రపతి ఆమోదం అనే మాట విన్నంత మాత్రాన అది పార్లమెంటు బిల్లు అనుకోవద్దు. 2025 మార్చిలో మన అసెంబ్లీ పాస్ చేసిన బీసీ రిజర్వేషన్ బిల్లులు కూడా రాష్ట్రపతి దగ్గరికే వెళ్ళాయి.

2. బిల్లును సరైన పేరుతో వెతకండి

పేపర్లో వచ్చే పేరు, బిల్లు మీద ఉండే పేరు ఒకటి కావు. "సమ్మక్క సారక్క యూనివర్సిటీ చట్టం" అని వెతికితే ఏమీ దొరకదు. ములుగు గిరిజన విశ్వవిద్యాలయం పేరే అది, కానీ దాని బిల్లు వచ్చింది కేంద్రీయ విశ్వవిద్యాలయాల (సవరణ) బిల్లు, 2023 పేరుతో. పాస్ అయ్యాక అది 2009 నాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టంలో కలిసిపోయింది. పేరులో "సవరణ" అని ఉంటే పాత చట్టం పేరు కూడా నోటుబుక్కులో రాసుకోండి, చివరికి చూడాల్సింది దాన్నే.

సంసద్ సైటులో ఒకే బిల్లుకు రెండు మూడు పాఠాలు కనిపిస్తాయి: ప్రవేశపెట్టినప్పటిది, ఒక సభ పాస్ చేసినది, రెండు సభలూ పాస్ చేసినది. మధ్యలో సవరణలు పడి ఉండవచ్చు. మీరు చదువుతున్నది ఏదో పై పేజీలో చూసుకున్నాకే ముందుకు వెళ్ళండి.

3. బిల్లును చివరి నుంచి చదవండి

మొదటి పేజీ నుంచి మొదలుపెడితే చాలామంది మూడో పేజీకే వదిలేస్తారు. క్లాజులన్నీ (నంబరు వేసిన ఒక్కో అంశాన్ని బిల్లులో క్లాజు అంటారు, చట్టమయ్యాక సెక్షన్ అంటారు) అయ్యాక చివర్లో "లక్ష్యాలు, కారణాల వివరణ" ఉంటుంది, మంత్రి సంతకంతో. బిల్లు ఎందుకు తెచ్చారో అక్కడే తెలుస్తుంది. దాని తర్వాత ఖర్చుకు సంబంధించిన మెమోరాండం. ఆ తర్వాత ఏయే విషయాలు రూల్స్‌కు వదిలేశారో చెప్పే మెమోరాండం ఉంటుంది, దాన్ని దాటేయకండి. ఆ జాబితా పొడుగ్గా ఉంటే చట్టం సగమే తయారైందని అర్థం. ఎవరికి ఎంత, ఏ ఫారం, ఏ గడువు అన్నవి తర్వాత ప్రభుత్వం రాసుకుంటుంది.

తర్వాత మీకు సంబంధించిన క్లాజుకు వెళ్ళి, అందులో సర్కారు మీద ఏ బాధ్యత పెట్టారో చూడండి. దీనికి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014 పదమూడో షెడ్యూలును మించిన పాఠం నాకు తెలియదు. గిరిజన విశ్వవిద్యాలయం గురించి అందులో కేంద్రం "స్థాపించాలి" అని ఉంది. రైలు కోచ్ ఫ్యాక్టరీ, ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం (మనం బయ్యారం అంటున్నది) గురించి మాత్రం ఆరు నెలల్లో "సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి" అని ఉంది. మూడింటినీ మన వేదికల మీద "విభజన హామీలు" అని ఒకే గాటన కట్టి మాట్లాడారు. చట్టం దృష్టిలో మాత్రం మొదటిది కట్టి తీరాల్సిన బాధ్యత, మిగతా రెండూ పరిశీలించి చెప్పాల్సిన బాధ్యత. కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది సరే, ఆ షెడ్యూలును 2014 ఫిబ్రవరిలోనే జనం ఇంత శ్రద్ధగా చదివి ఉంటే, మాట మార్పించమని అడగడానికి అప్పుడు అవకాశం ఉండేది. బిల్లు పాసైన తర్వాత ఆ అవకాశం మళ్ళీ సవరణతోనే వస్తుంది.

4. బిల్లు రకం చూసుకోండి

సాధారణ బిల్లుకు రెండు సభల్లోనూ హాజరై ఓటేసినవారిలో సగానికి మించి చాలు. రెండు సభలకూ కుదరకపోతే ఉమ్మడి సమావేశం పెట్టవచ్చు. 1961, 1978, 2002 సంవత్సరాల్లో మూడుసార్లు మాత్రమే అలా చట్టాలు చేశారు. ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి డబ్బు విషయాలే ఉండేది) అని స్పీకర్ ధ్రువీకరిస్తే రాజ్యసభకు 14 రోజుల గడువు మాత్రమే, ఆ సభ సూచనలు లోక్‌సభ ఒప్పుకోవాలని కూడా లేదు. అలాంటి బిల్లుకు రాజ్యసభ సభ్యుడి చుట్టూ తిరగడం దండగ. రాజ్యాంగ సవరణకు రెండు సభల్లోనూ హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి, అది సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి కూడా ఉండాలి, ఉమ్మడి సమావేశం ఉండదు.

ఆర్డినెన్స్ అంటే సభలు నడవనప్పుడు వచ్చే తాత్కాలిక చట్టం. సభలు మళ్ళీ కూర్చున్న ఆరు వారాల్లోపు బిల్లుగా మారకపోతే పోతుంది.

5. కమిటీ దశను పట్టుకోండి

ఈ మొత్తంలో మామూలు మనిషి గొంతు నేరుగా చేరేది ఇక్కడే. అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

బిల్లు ప్రవేశపెట్టాక దాన్ని శాఖల స్థాయీ సంఘానికో (కొన్ని మంత్రిత్వ శాఖల పనిని ఎప్పుడూ చూస్తుండే ఎంపీల కమిటీ), రెండు సభల సంయుక్త కమిటీకో పంపవచ్చు. స్థాయీ సంఘాలు 1993లో 17 ఏర్పడ్డాయి, అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు అంతకుముందు మన హనుమకొండ నుంచి లోక్‌సభకు గెలిచినవారే. 2004 నుంచి అవి 24 అయ్యాయి. ఒక్కో దాంట్లో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అక్కడ టీవీ కెమెరాలు ఉండవు. అధికారుల్ని పిలిచి అడుగుతారు, నిపుణుల్ని, సంఘాల్ని పిలుస్తారు. సభలో అరుచుకునే పార్టీలవాళ్ళు కూడా అక్కడ క్లాజు క్లాజుగా మాట్లాడుకుంటారు.

బాధ ఏమిటంటే బిల్లులు అక్కడిదాకా వెళ్ళడమే తగ్గిపోయింది. పీఆర్ఎస్ లెక్క ప్రకారం 15వ లోక్‌సభలో (2009-14) 71 శాతం బిల్లులు కమిటీలకు వెళితే, 17వ లోక్‌సభలో (2019-24) 16 శాతమే వెళ్ళాయి. ఆ లోక్‌సభ అయిదేళ్ళలో కూర్చున్నదే 274 రోజులు, ఏడాదికి సగటున 55. మొదటి లోక్‌సభ సగటు 135. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా సరే, ఇది మనకు నష్టం. కమిటీకి వెళ్ళని బిల్లు మీద రైతో, బీడీ కార్మికురాలో మాట చెప్పుకోవడానికి అధికారికంగా తలుపే ఉండదు.

వెళ్ళిన బిల్లుల విషయంలో మాత్రం అవకాశం వదలొద్దు. ఇలా చేయండి:

అ) సంసద్ సైటులో కమిటీల విభాగంలో ప్రకటనలు చూడండి. పేపర్లలో కూడా వేస్తారు. గడువు చాలాసార్లు రెండు మూడు వారాలే.

ఆ) ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయాలి. ముందు తెలుగులో రాసుకుని మార్పించుకోండి. రెండు పేజీలు చాలు.

ఇ) ఒక్కో అంశానికి క్లాజు నంబరు, దానివల్ల ఎవరికి ఏ ఇబ్బంది, బదులుగా ఏ మాటలు పెట్టాలి, ఈ మూడే రాయండి. "ఈ బిల్లు ప్రజా వ్యతిరేకం, వెనక్కి తీసుకోవాలి" అని మాత్రమే రాస్తే కమిటీ దాంతో చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ) మీరే వెళ్ళి చెప్పాలనుకుంటే ఆ సంగతి ఉత్తరంలోనే రాయండి. పిలవాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం.

జాగ్రత్త: కమిటీకి ఇచ్చిన పత్రం కమిటీ రికార్డు అవుతుంది. దాన్ని రహస్యంగా ఉంచాలని ప్రకటనలోనే రాస్తారు. పంపిన సంబరంలో ఫేస్‌బుక్‌లో పెడితే సభా హక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు.

ఫలితం ఉంటుందా అని అడుగుతారు. రెండు రకాలుగానూ జరిగింది. అటవీ సంరక్షణ సవరణ బిల్లు, 2023 సంయుక్త కమిటీకి వెళ్ళింది, కమిటీ ఒక్క మార్పు కూడా సూచించకుండా తిప్పి పంపింది, అదే వర్షాకాల సమావేశాల్లో పాసైంది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో బతికేవాళ్ళకు అది ఎంత ముఖ్యమైన బిల్లో చెప్పనక్కర్లేదు. మరోవైపు వ్యక్తిగత డేటా రక్షణ బిల్లు, 2019కి సంయుక్త కమిటీ 81 సవరణలు సూచిస్తే, ప్రభుత్వం 2022 ఆగస్టులో ఆ బిల్లునే వెనక్కి తీసుకుని కొత్తగా రాసింది. మార్పు రాకపోయినా కమిటీ నివేదికలో సభ్యుల అసమ్మతి పత్రాలు అచ్చవుతాయి. తర్వాత కోర్టుకు వెళ్ళినా, సవరణ అడిగినా అవి పనికొస్తాయి.

బిల్లు కమిటీకి వెళ్ళకపోతే? ఇంకా ముసాయిదా దశలోనే ఉంటే, సంబంధిత మంత్రిత్వ శాఖ సైటు చూడండి. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని 2014లో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. అది చట్టం కాదు కాబట్టి అన్నిసార్లూ పాటించరు. సభలో ప్రవేశపెట్టేశాక లోక్‌సభకు పిటిషన్ ఇవ్వవచ్చు. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లిష్ అనువాదం సంతకంతో జత చేయాలి, సభలో పెట్టడానికి ఎంపీ సంతకం కూడా కావాలి.

6. మీ ఎంపీకి రాయండి, కానీ మీ ఎంపీకే

జిల్లా పేరు చూసి ఎంపీని అనుకోవద్దు. నర్సంపేట వరంగల్ జిల్లాలో ఉన్నా లోక్‌సభకు మహబూబాబాద్ కిందికి వస్తుంది, ములుగు కూడా అంతే. భూపాలపల్లి వరంగల్‌లో, మంథని పెద్దపల్లిలో, జనగామ భువనగిరిలో ఉన్నాయి. హనుమకొండ జిల్లాలోని కమలాపూర్ మండలం హుజూరాబాద్ అసెంబ్లీతో పాటు కరీంనగర్‌కు వెళుతుంది. తెలంగాణకు 17 మంది లోక్‌సభ సభ్యులతో పాటు రాజ్యసభలో ఏడుగురు ఉన్నారని కూడా మరిచిపోకండి.

ఎంపీకి తెలుగులోనే రాయవచ్చు. ఒకే పేజీ. సవరణ పెట్టాలంటే చర్చకు కనీసం ఒక రోజు ముందు ఆయన నోటీసు ఇవ్వాలి, కాబట్టి చర్చ రోజు పొద్దున ఫోను చేస్తే లాభం లేదు. బిల్లు ప్రవేశపెట్టిన వారంలోనే పంపండి. 17వ లోక్‌సభలో సగానికి పైగా బిల్లులు ప్రవేశపెట్టిన రెండు వారాల్లోపే పాసయ్యాయి. గిరిజన విశ్వవిద్యాలయం బిల్లు 2023 డిసెంబర్ 4న లోక్‌సభకు వచ్చి, 7న అక్కడ, 13న రాజ్యసభలో పాసైంది. 2014 చట్టంలో ఉన్న మాటకు బిల్లు రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది, వచ్చాక పది రోజులు కూడా పట్టలేదు.

7. చర్చ, ఓటు చూడండి

సంసద్ టీవీ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తుంది. కుదరకపోతే తర్వాత సంసద్ సైటులో చర్చల పాఠం దొరుకుతుంది. ఎంపీ పేరుతో వెతికితే ఆయన అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన చర్చలు కనిపిస్తాయి.

ఎవరు ఎటు ఓటేశారో తెలియాలంటే "డివిజన్", అంటే ఒక్కొక్కరి ఓటునూ లెక్కపెట్టి నమోదు చేయడం, జరిగి ఉండాలి. మూజువాణి ఓటుతో (అందరూ కలిసి "అవును", "కాదు" అని నోటితో చెప్పడం) పాసైతే ఎవరు ఎటు ఓటేశారో పేర్లు రికార్డులో ఉండవు. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో రెండు సాగు బిల్లులకు ప్రతిపక్షం డివిజన్ అడిగినా మూజువాణితోనే పాసయ్యాయి. అందువల్ల ఫలానా సభ్యుడు అనుకూలంగా వేశాడు, వ్యతిరేకంగా వేశాడు అని పోస్టర్ వేసినా రుజువు చూపించలేం. ఆ చట్టాల్ని 2021 నవంబర్ 29న రద్దు చేసినప్పుడు రెండు సభల్లోనూ చర్చే లేదు. వచ్చినప్పుడు ఎందుకు వచ్చాయో, పోయినప్పుడు ఎందుకు పోయాయో పార్లమెంటు రికార్డులో సరిగా చదువుకునే వీలు ఏనుమాముల రైతుకు లేకుండా పోయింది. ఇది నాకు చాలా పెద్ద లోపంగా కనిపిస్తుంది.

8. అమల్లోకి వచ్చిందా? నాలుగు తేదీలు వెతకండి

నోటుబుక్కులో నాలుగు గీతలు గీయండి.

మొదటి గీత మీద రాష్ట్రపతి ఆమోదించిన తేదీ. రెండో దాని మీద చట్టం గెజిట్‌లో అచ్చయిన తేదీ. ఈ రెండూ చట్టం మొదటి పేజీలోనే దొరుకుతాయి.

మూడోది అమలు తేదీ. చట్టంలో సెక్షన్ 1 చదవండి. అమలు తేదీ గురించి అక్కడ ఏమీ లేకపోతే రాష్ట్రపతి ఆమోదించిన రోజు నుంచే అమలు. "కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన తేదీ నుంచి" అని ఉంటే, ఆ ప్రకటన దొరికేదాకా చట్టం నిద్రలో ఉన్నట్టే. ఈ-గెజిట్‌లో మంత్రిత్వ శాఖ పేరుతో వెతకండి, అమలు ప్రకటనలకు సాధారణంగా ఎస్.ఓ. నంబరు ఉంటుంది. వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు కూడా ఇస్తారు, కాబట్టి మీ సెక్షన్ నంబరు అందులో ఉందో లేదో చూడండి.

నాలుగోది రూల్స్ వచ్చిన తేదీ. వీటికి సాధారణంగా జి.ఎస్.ఆర్. నంబరు ఉంటుంది.

లేబర్ కోడ్‌లతో సరిచూసుకోండి. వేతనాల కోడ్ 2019లో, మిగతా మూడు 2020 సెప్టెంబర్‌లో పాసయ్యాయి. బీడీ కార్మికుల 1966 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది. కానీ నాలుగు కోడ్‌లూ అమల్లోకి వచ్చినట్టు ప్రకటన వెలువడింది 2025 నవంబర్ 21న. అంటే సిరిసిల్లలో, జగిత్యాలలో "2020లోనే పాత చట్టం పోయింది" అని విన్నవాళ్ళు అయిదేళ్ళు తప్పు సమాచారంతో ఉన్నారు, ఆ కాలమంతా పాత చట్టమే నడిచింది. కార్మికుల విషయం ఉమ్మడి జాబితాలోది కాబట్టి కేంద్రం రూల్స్‌తో పాటు రాష్ట్రం రూల్స్ కూడా వెతకాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా ఇలాంటిదే: 2023 ఆగస్టులో పాసైంది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

క్యాబినెట్ ఆమోదం విని చట్టం వచ్చేసిందనుకోవడం. గిరిజన విశ్వవిద్యాలయానికి క్యాబినెట్ ఒప్పుకున్నది 2023 అక్టోబర్ 4న, బిల్లు సభకు వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకు.

ఎంపీ సొంతంగా పెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లును ప్రభుత్వ బిల్లుగా పొరబడటం. ఇప్పటిదాకా అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. వాటివల్ల విషయం చర్చకు వస్తుంది, అంతవరకే ఆశించండి.

పాత బిల్లు ఇంకా బతికే ఉందనుకోవడం. లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్నవి, అక్కడ పాసై రాజ్యసభలో ఆగినవి పోతాయి. రాజ్యసభలో మొదలై ఇంకా లోక్‌సభకు చేరనివి మిగులుతాయి.

షరతు చదవకపోవడం. మహిళా రిజర్వేషన్ సవరణ 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో 454-2తో పాసైంది. మరుసటి ఎన్నికల నుంచే వస్తుందని మన దగ్గర స్వీట్లు పంచారు. కొత్త జనగణన, దాని మీద నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అన్న షరతు ఆ సవరణలోనే రాసి పాస్ చేశారు.

ఎంత వెతికినా తేలకపోతే

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆర్టీఐ ఆన్‌లైన్ సైటులో సంబంధిత కేంద్ర మంత్రిత్వ శాఖను ఎంచుకోండి, ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు అమలు చేయడం లేదు" అని అడిగితే తప్పించుకునే జవాబు వస్తుంది. ఇలా అడగండి: "ఫలానా చట్టం సెక్షన్ 1 కింద అమలు తేదీ ప్రకటిస్తూ ఇచ్చిన నోటిఫికేషన్లన్నిటి ప్రతులు ఇవ్వండి. ఆ చట్టం కింద చేసిన రూల్స్ ప్రతులు ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ ఫైలు ప్రస్తుతం ఎవరి దగ్గర ఉందో తెలపండి."

సభలు నడిచే రోజులైతే ఇదే ప్రశ్నను లిఖితపూర్వక జవాబు కోసం అడగమని మీ ఎంపీని కోరండి. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించగానే ఉత్తరం చేరాలి. మంత్రి ఇచ్చిన జవాబు సంసద్ సైటులో తేదీతో సహా ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి, కార్మిక శాఖ ఆఫీసుకో కలెక్టరేట్‌కో వెళ్ళేటప్పుడు మీ అర్జీకి జత చేయండి.